తోడుచెయ్యి తీసిన కాన్పు

ఒకటో మాట

చెవిపెట్టె, విను. నా పేరు దుర్గం ఓదెవ్వ. పదకొండో బాయి మంత్రసానిని. నాకు అక్షరం ముక్క రాదు. అందుకే సంఘం వాళ్లు నిన్ను తెచ్చి నా గూట్లో పెట్టారు. వీలైనప్పుడల్లా నీ వాదన దీనికి చెప్పుకో, చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటుంది, చెరపడం దీనికి రాదు అని చెప్పి వెళ్లారు. రాకపోతే మంచిదే. నేను చెరుపుకునే మాటలు మాట్లాడే మనిషిని కాదు.

ముందు ఈ సంగతి పట్టుకో. ఈ బొగ్గుబాయిల్లో మంత్రసానుల సంఘం పుట్టించింది నేను. పైన ఎండ మనిషిని నిలువునా మాడ్చడం మొదలుపెట్టాక, జనమంతా తవ్వి వదిలేసిన బాయిల్లోకి దిగారు. ఆ కొత్తలో ఏ బాయి మంత్రసాని ఆ బాయిలో ఒంటరిది. పగటిపూట ఒక బాయి నుంచి ఇంకో బాయికి పైనుంచి నడిచి పోవడమంటే చావడమే. బిడ్డ అడ్డం తిరిగితే అడగడానికి ఇంకో ఆడది ఉండేది కాదు. కాన్పు చెడితే తిట్లన్నీ ఒక్కదాని నెత్తినే. రెండో బాయి సుగుణ అట్లా తిట్లు పడలేక నీళ్లగుంటలో దిగిపోయింది. దాని శవాన్ని చూసొచ్చిన తరువాతనే నేను ఇంటింటి గడప తొక్కి అందర్నీ ఒక్కటి చేశాను.

తోడుచేతులు అడిగి ఇప్పించుకున్నదీ మేమే. నా చేతికి ఒక తొడుగు, ఎక్కడో ఇంకో బాయిలో ఇంకో మంత్రసాని చేతికి దాని జంట. నా తొడుగుకు తగిలినదంతా ఆమె వేళ్లకు తగులుతుంది. తొడుగుకున్న చిన్న నోట్లోంచి ఆమె మాట నా చెవిలో పడుతుంది. ఒంటిచేతి కాన్పు చెయ్యకూడదన్నది సంఘం మొదటి కట్టుబాటు. అది పెట్టిన నోరు ఈ నోరే.

ఇప్పుడు ఆ సంఘమే వచ్చి నా తొడుగు పట్టుకుపోయింది.

శ్రావ్య కాన్పు చెడింది, కాదనను. శ్రావ్య లింగవ్వ కోడలు, తొలిచూలు. తోడు వంతు ఏడో బాయి జుబేదాది. కాన్పు నడుమ తోడు తెగింది. తెగిందనే గానీ ఏ కొసన తెగిందో యంత్రానికి తెలియదట. దారి పూర్తిగా తెరుచుకోకముందే పిల్ల ముక్కింది. దారి వాచింది, చిరిగింది. నెత్తురు ఆగలేదు. మిట్టమధ్యాహ్నం తడి గోనెలు కప్పి పైన ఆసుపత్రికి మోసుకుపోయారు. మోసినంతసేపూ నా పిడికిలి లోపల అదిమిపెట్టి నెత్తురు ఆపుకుంటూ పోయాను. తల్లి బతికింది. ఆడపిల్ల బతికింది. తల్లికి గర్భసంచి తీసేశారు.

తప్పు ఎవరిదో పేరు చెప్పమని బాయి పెద్దలు సంఘాన్ని అడిగారు. పేరు పడినామె తొడుగు పోతుంది. ఇక జన్మలో కాన్పు ముట్టకూడదు. నేను చెప్తున్నాను: జుబేదా తన వంతు వదిలి లేచి వెళ్లిపోయింది. పట్టుకో ఈ మాట.

రెండో మాట

కాన్పు చెడిన మంత్రసానిని సంఘం ఒంటిగా వదలదు. సుగుణ పోయిన తరువాత పెట్టుకున్న ఆచారం ఇది. వంతులు వేసుకుని వచ్చి పక్కన కూర్చుంటారు. ఏమైందని అడగకూడదు. వండిపెట్టాలి, తల దువ్వాలి, లోకంలోని కబుర్లు చెప్పాలి.

ఇవ్వాళ మా బాయిలోనే ఉండే కనకలక్ష్మి వంతు, అదీ మంత్రసానే. దాని నోరు మూతపడితే గాలిపంకా ఆగిపోయిందేమో అని జనం భయపడతారు. వాళ్లాయన కింది గదిలో పుట్టగొడుగులు పెంచుతాడు.

"మా ఆయన పొద్దుందాక పుట్టగొడుగులతోనే మాట్లాడుతడు అవ్వా. అవి నయమట. ఎదురు చెప్పవట," అంది.

రొట్టెలు నేనే చేస్తానని పంతం పట్టాను. ఒకరు చేసిపెడితే తినే అలవాటు నాకు లేదు. పెనం మీద రొట్టె తిప్పుతూ సరోజన సంగతి చెప్తున్నాను. ఒకప్పుడు సంఘానికి నేను పెద్దను, ఇప్పుడు సరోజన. దానికి బొడ్డు కొయ్యడం నేర్పింది నేను, నా తొడుగు పట్టుకుపోయింది అది. ఇంతలో కనకలక్ష్మి మాట ఆపేసి ముక్కు ఎగబీల్చింది.

"అవ్వా, నీ చెయ్యి కాలుతున్నది."

చూస్తే రెండు వేళ్లు పెనానికి ఆనుకుని ఉన్నాయి. చర్మం తెల్లగా ఉబ్బింది. నాకు ఏమీ తెలియలేదు. మంత్రసాని చేతికి మంటేమిటే అని నవ్వి, చెయ్యి కొంగులో దాచుకున్నాను. ఏళ్ల తరబడి ఆ మందపాటి తొడుగులో పెట్టీ పెట్టీ వేళ్లు కాస్త మొద్దుబారి ఉంటాయి. అంతే. ఇందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు. అయినా చెప్పాను, ఎందుకో.

మూడో మాట

సరోజన వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. దీపం వైపు చూస్తూ చెప్పింది, జుబేదా తన వాదన ఇచ్చిందట. వాదన కూడా కాదు, ఒక్కటే మాట.

"తొడుగు నేనే తీసిన, తోడు నా కొసనే తెగింది, అన్నది. ఇగ నీకేం భయం లేదవ్వా."

నాకేం భయమే అని కసిరాను. అది తల వంచుకుని పోయింది.

అది పోయాక నేను ఏం చేశానో విను. మిగిలిన రొట్టె తిన్నాను. దాని మీద ఇంకోటి కాల్చుకుని తిన్నాను. కాళ్లు చాపుకుని గురకపెట్టి నిద్రపోయాను. కాన్పు అయినప్పటి నుంచి అంత నిద్ర పట్టలేదు. లేచి ముఖం కడుక్కుంటుంటే, ఎందుకంత సుఖంగా నిద్రపట్టిందే ముసలిదానా అని నన్ను నేనే అడుక్కున్నాను. చెంబు అక్కడే పెట్టి కూర్చుండిపోయాను.

జుబేదా ఎందుకు ఒప్పుకుంది? దాని ముఖం నేను ఎన్నడూ సరిగా చూడలేదు. తొడుగులోనే నేర్పాను, తొడుగులోనే తిట్టాను. బిడ్డ తల ఎటు ఉందో, మాయ ఎక్కడ అంటుకుందో నా చేతి వెంట దాని చెయ్యి నడిపించి చూపించాను. నేర్పిన గురువని గౌరవం ఉండి ఉంటుంది. ముసలిది, దీని పరువు పోకూడదనుకుని ఉంటుంది. పిల్లకు అంత గౌరవం ఉంటే కాదనడానికి నేనెవరిని?

ఈ మాట అంటుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. నువ్వు పెట్టెవి, నీకు కనపడదు.

నాలుగో మాట

లింగవ్వ వచ్చింది. శ్రావ్య అత్త. దాన్ని చూడగానే నేను గోడకు జరిగాను, తిట్టడానికి వచ్చిందనుకున్నాను. అది వచ్చీ రాగానే నా కాళ్లు పట్టుకుంది.

"నువ్వు నెత్తురు పట్టుకోకపోతే నా కోడలు పైకి పొయ్యేసరికే పీనుగయ్యేది. పిల్లకు నీ పేరే పెట్టుకుంటున్నం అక్కా. చిన్న ఓదెవ్వ. పురుడునాడు నువ్వే వచ్చి ఎత్తుకోవాలె. నీకు చీర తెప్పిచ్చిన."

ఇంకో మాట కూడా అంది. ఆ ఏడో బాయిది కాన్పు నడుమ వదిలేసి పోయిందట కదా, దానికి పిల్లలు ఉన్నారో లేరో, దాని చేతులు పడిపోను అంది. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ నా నోట్లోంచే వచ్చింది.

లింగవ్వ పోయాక వంతుకు వచ్చిన కనకలక్ష్మిని అడిగాను, జుబేదా దగ్గర ఎవరు కూర్చుంటున్నారని. దాని దువ్వెన నా తలలో ఆగిపోయింది. ఏడో బాయిలో ఇంకో మంత్రసాని లేదు కదవ్వా, మేమంతా నీ దగ్గరనే ఉన్నం, అంది. దోషం ఒప్పుకున్నదాని దగ్గరికి పొద్దుగూకాక అంత దూరం ఎవరు నడుస్తారని ఎవరో అన్నారట. జుబేదా మొగుడు కూడా ముఖం చాటేశాడట.

అంటే సుగుణ ఎట్లా ఉండిందో అది అట్లా ఉంది. ఏడో బాయిలో కూడా నీళ్లగుంట ఉంది.

దువ్వెన లాక్కుని కనకలక్ష్మి ఒళ్లో పడేశాను. అటు పో, రాత్రికే బయలుదేరు, ఎవరు అడిగినా ఓదెవ్వ పొమ్మందని చెప్పు అన్నాను. నా వంతు ఇటుంది కదా అంది. పెంకిది. పొమ్మని గట్టిగా అరిచాను. పోయింది.

ఐదో మాట

ఇప్పుడు అసలు మాట చెప్తాను. మొదట చెప్పింది అట్లాగే ఉంచు, పక్కన ఇది పెట్టు.

దారి ఎంత తెరుచుకుందో మేము వేళ్లతో చూసి చెప్తాం. ఉంగరమంత, చంటిగాజంత, పెద్దగాజంత. దండకడియమంత అయితే నిండినట్టు, అప్పుడు ముక్కమంటాం. ఏటా వానలు వెలిశాక సంఘం అందరి చేతులూ చూస్తుంది. బుట్టలో ఇవన్నీ వేసి గుడ్డ కప్పుతారు. కింద రెండు వేళ్లు పెట్టి చూపు లేకుండా చెప్పాలి. తప్పితే చెయ్యి దించినట్టే, ఇక కాన్పుకు పోకూడదు, కూర్చుని చిన్నవాళ్లకు నేర్పాలి. ఆ పరీక్ష నేనే కనిపెట్టాను. బుట్ట పట్టుకుని కూర్చునేది నేనే, చేతులే చూసేదాన్ని, ముఖాలు కాదు. తప్పిన ముసలివాళ్లు ఏడుస్తుంటే లేవే, తల్లుల కంటే నీ ఏడుపు ఎక్కువా అని తిట్టింది నేనే. నా చెయ్యి బుట్టలో పెట్టమని ఎవరూ అనలేదు. నేనూ పెట్టలేదు.

కనకలక్ష్మి పోయాక బుట్ట తీసి గుడ్డ కప్పి చెయ్యి పెట్టాను. పెద్దగాజు అనుకుని తీశాను. చంటిగాజు వచ్చింది. దండకడియం అనుకున్నాను. గాజు వచ్చింది. ఇంకోసారి తీసేసరికి చేతిలో ఏమీ లేదు, బుట్ట అంచు పట్టుకుని ఉన్నాను.

నాకు షుగరు ఉంది, అది వేళ్లు తింటుందని తెలుసు. తెలిసీ తొడుగు మందం అని చెప్పుకుంటూ వచ్చాను. తగిలింది తెలుసుకునే చర్మం తొడుగుకే ఉంది. నా వేళ్లు చచ్చినా జుబేదాకు అవతల అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కొన్నాళ్లుగా నేను నోరు తెరవకముందే "పెద్దగాజే కదవ్వా" అనేది. నేను అవునే అనేదాన్ని. అది నన్ను అడుగుతోందనుకున్నాను. అది నాకు చెప్తోంది.

ఆ రోజు శ్రావ్యకు చెయ్యి పెట్టి, దండకడియం, నిండింది అన్నాను. చెవిలో జుబేదా అంది, "లేదవ్వా. ఇంకా పెద్దగాజే. మళ్లోసారి చూడు."

నాకు, ఓదెవ్వకు, మళ్లోసారి చూడమని. ఒళ్లు భగ్గుమంది. చూస్తే తెలుస్తుందన్న ధైర్యం లేదు, తెలియదని ఒప్పుకునే నోరు లేదు. చెమట పడుతోంది, ఇది జారుతోంది, అవతల పలుకు లేదు అని లింగవ్వకు వినపడేట్టు అని, తొడుగు గుంజి మంచం కింద పడేశాను. మంచం కింద నుంచి అవ్వా అవ్వా అని సన్నగా వినపడుతూ ఉంటే కాలితో దాని నోరు నొక్కాను. ముక్కు బిడ్డా అన్నాను శ్రావ్యతో.

ఆ పిల్ల నేను చెప్పినట్టే ముక్కింది. అమాయకురాలు, ప్రాణమంతా పెట్టి ముక్కింది.

ఇదీ కాన్పు. జుబేదా ఎక్కడికీ లేచి వెళ్లలేదు.

ఆరో మాట

వాదన వినే రోజు అన్ని బాయిల మంత్రసానులూ తెల్లవారకముందే నడిచి వచ్చి మా పెద్ద గదిలో కూర్చున్నారు. బాయి పెద్దల తరఫున రాయలింగు వచ్చాడు, ముఖం గంభీరంగా పెట్టుకుని. సరోజన ముందే నిన్ను విన్నది, దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చెవి దగ్గరికి వచ్చి, పెట్టె అందరి ముందూ పెట్టాలా, నోటితో నాలుగు ముక్కలు చెప్పినా చాలదా అంది.

"మొదటి నుంచి పెట్టు," అన్నాను.

నా గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అంత కరుకుగా ఉంటుందని తెలియదు. జుబేదా లేచి వెళ్లిపోయింది, పట్టుకో ఈ మాట అని అది ఆ గదిలో మోగుతుంటే నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది. భూమి లోపలే ఉన్నాం, ఇంకెక్కడికి పోతాను? తల ఎత్తే కూర్చున్నాను. దించుకుంటే సుఖం.

అంతా అయ్యాక వెనక వరసలో ఒకామె లేచింది. నేను పిల్ల పిల్ల అంటూ వచ్చాను, చూస్తే చెవుల పక్కన నెరిసిన మనిషి, నడుముకు చెయ్యి పెట్టుకుని నిలబడింది. జుబేదా. అన్నేళ్లు నా చేతిలో చెయ్యి వేసి ఉన్నదాన్ని నేను గుర్తుపట్టలేదు.

నా మీద గౌరవానికి అంత నింద మొయ్యాలా బిడ్డా అన్నాను.

"గౌరవం కాదవ్వా," అంది. అరవలేదు, ఏడవలేదు. "నీ మాట ముందట నా మాట పెడితే ఈ గదిల ఎవరు నమ్ముతరు? ఒప్పుకుంటే తొడుగు ఒక్కటే పోతది. కాదంటే, అవ్వ మీద నింద ఏసిందని మీరంతా నాకు దూరమైతరు. మా బాయిల నాకు ఇంకెవరున్నరు?"

నేను అబద్ధం చెప్పినందుకు ఒక సిగ్గు. దాని అబద్ధానికి గౌరవం అని పేరు పెట్టి నిద్రపోయినందుకు ఇంకో సిగ్గు. రెండోది ఎక్కువ కాలింది.

రాయలింగు గొంతు సవరించుకుని, అయితే పేరు తేలింది కదా, రాసుకుంటానన్నాడు. సరోజన ఆగమంది.

"రాసుకో. ఓదెవ్వ తొడుగు తీసింది. ఏటేటా అందరి చెయ్యి చూసే సంఘం ఆమె చెయ్యి చూడలే. అవ్వ చెయ్యి చూస్తానంటే తిడుతదని నాకు భయం. రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి ఇడిస్తే మా వేలిముద్ర పడది."

రాయలింగు నసిగాడు, సంఘం మొత్తం తప్పంటే తను ఎవరి మీద చర్య తీసుకోవాలని. అది నీ తిప్పలు అంది కనకలక్ష్మి వెనక నుంచి. రెండూ రాశాడు.

జుబేదా తొడుగు జుబేదాకు ఇచ్చారు. నా చెయ్యి దించారు. వద్దనలేదు. సంఘం ఇక నుంచి ఏ మంత్రసాని చెయ్యైనా ముందు ఇంకో బాయి మనిషే చూడాలని కట్టు పెట్టుకుంది. జుబేదా నా వైపు రాలేదు. రావాలని నేను అనుకోకూడదు.

సాయంత్రం కనకలక్ష్మి దువ్వెనతో వచ్చింది. నా దగ్గర ఎందుకు, అటు పొమ్మన్నాను.

"అటు సరోజనక్కనే పోయింది. ఇటు వంతు నాది. కాన్పు చెడినామె ఎవరైతేంది, కూసునుడు కూసునుడే. నువ్వు పెట్టిన ఆచారమే. వద్దంటే సంఘాన్ని అడుగు, నాకు చెప్పకు."

తల దువ్వుతుంటే కదలకుండా కూర్చున్నాను. ఒకరి మంచితనాన్ని అంత కష్టపడి భరించడం ఎప్పుడూ లేదు.

ఏడో మాట

లింగవ్వ ఇంటికి ఎవరు చెప్పాలన్న మాట వచ్చింది. సంఘం పెద్దగా నేను పోతానంది సరోజన. నేను ఒప్పుకోలేదు. సంఘం నా పక్కన నిలబడుతుంది, మంచిదే, నా బదులు నిలబడకూడదు. సరోజన తోడుకు గడప దాకా వచ్చి అక్కడ ఆగింది.

ఇవ్వాళే పురుడు. పిల్లను కడిగి సాంబ్రాణి పొగ వేశారు. లింగవ్వ వంటలో ఉంది. బాయి పెద్దల మాట ఇంకా ఆ ఇంటికి రాలేదు. లోపలి గదిలో శ్రావ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి పిల్లను అందించబోయింది. నేను చేతులు వెనక పెట్టుకున్నాను.

ఉండు బిడ్డా, ముందు నేను చెప్పేది విను అన్నాను. చెప్పాను. వేళ్ల సంగతి, తొడుగు సంగతి, కాలితో నొక్కిన సంగతి. మధ్యలో ఒకచోట నెత్తురు నేనే ఆపానన్న మాట నోటి చివరి దాకా వచ్చింది, మింగేశాను.

శ్రావ్య పిల్ల తలకట్టు సరిచేసింది. తరువాత అడిగింది.

"ఇంకొంచెం సేపు ఆగితే, నాకు చిరుగకపోవునా?"

"చిరుగకపోవు."

"సంచి తియ్యకపోదురా?"

"తియ్యకపోదురు."

"ముక్కొద్దనిపిస్తున్నదని నేను అన్న కదవ్వా. నువ్వు ఇనలే."

అంది. నిజంగానే అంది. ఇన్ని మాటలు చెప్పాను నీకు, చెవిపెట్టె, ఆ ఒక్క మాట మరిచిపోయాను. మరిచిపోలేదేమో. వినలేదు. లోపల జుబేదా చెప్పింది, బయట తల్లి చెప్పింది, నేను ఇద్దర్నీ వినలేదు. అవును బిడ్డా, అన్నవు అన్నాను.

శ్రావ్య పిల్లను ఒడికి అదుముకుని అటు తిరిగింది. నేను లేచి బయటికి వచ్చాను. వాకిట్లో లింగవ్వ ఎదురొచ్చింది, చేతిలో పళ్లెం, పసుపు కుంకుమ, మడత విప్పని చీర. ఏమీ తెలియదు దానికి. నుదుట బొట్టు పెట్టి, కొంగు పట్టమని చీర అందులో పెట్టింది. లోపల అంత చెప్పి వచ్చినదాన్ని, వాకిట్లో కొంగు పట్టుకుని నిలబడ్డాను.

లోపలి నుంచి శ్రావ్య గొంతు వినపడింది.

"అత్తమ్మా, ఆ చీర ఇయ్యకు."

లింగవ్వ నివ్వెరపోయి, ఏందే, పురుడునాడు మంత్రసానికి ఇచ్చిన చీర గుంజుకుంటామా అంది. పక్క గదుల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తొంగి చూశారు. గడప అవతల సరోజన ఒక అడుగు ముందుకు వేసింది. నేను చేత్తో ఆగమన్నాను. చీర తీసి పళ్లెంలో పెట్టాను.

"కూసో లింగవ్వా," అన్నాను. "మీరు కూడా రాండ్రి, కూసోండ్రి."

కూర్చున్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ముక్కొద్దనిపిస్తున్నదని శ్రావ్య అన్న మాట ముందు చెప్పాను.